మిద్దెమీది విద్యుత్తు – వర్తక సంఘాల వాదం

హైదరాబాదు పాతబస్తీలో వీధులు ఇరుకు. లాడ్ బజారులో గాజుల దుకాణాలు, పత్తర్‌గట్టీలో ముత్యాల దుకాణాలు, బట్టల దుకాణాలు ఒకదానినొకటి ఆనుకొని ఉన్నవి. వీటిలో పట్టపగలు కూడ దీపాలు వెలుగుతూనే ఉండవలెను. గాజుల తళుకు గాని, ముత్యాల నిగ్గు గాని వెలుతురు లేనిదే కొనేవారి కంటికి ఆనదు. కింద దీపం వెలిగించుకొనే ఆ వేళకే పైన మిద్దెమీద ఎండ మండిపోతూ ఉంటుంది. ఆ ఎండతోనే ఈ దీపాన్ని వెలిగించలేమా అన్న ప్రశ్న సహజంగా పుడుతుంది.

వెలిగించవచ్చునని భౌతికశాస్త్రం ఏనాడో తేల్చినది. కాని శాస్త్రం ఒక్కటే చాలదు. మిద్దెమీద పుట్టిన విద్యుత్తును మీటరు ఏ విధంగా లెక్కించవలెను, దానికి ఏ ధర కట్టవలెను అనే నియమం కూడ కావలెను. ఆ నియమం ప్రయోగశాలలో పుట్టదు. ప్రభుత్వ శాఖలలో, నియంత్రణ మండలి బహిరంగ విచారణలలో పుడుతుంది. అక్కడ దుకాణదారుని పక్షాన, కర్మాగారం యజమాని పక్షాన నిలిచి మాట్లాడేవి వర్తక సంఘాలు. వారి వాదంలోని బలాబలాలను గుర్తించవలెనంటే ముందుగా ఎండ లెక్క, తరువాత మీటరు లెక్క తెలియవలెను.

కాంతి విద్యుత్తుగా మారే తీరు

హైదరాబాదు నగరానికి విద్యుత్తు కొత్త కాదు. హుసేన్ సాగరు ఒడ్డున 1920లో ఒక ఉష్ణ విద్యుత్కేంద్రం వెలసినది. బొగ్గును కాల్చి, నీటిని ఆవిరిగా మార్చి, ఆ ఆవిరితో చక్రాన్ని తిప్పి విద్యుత్తును పుట్టించడం దాని పద్ధతి. ఆ కేంద్రం ఇప్పుడు లేదు గాని ఆ పద్ధతి నేటికీ ఉన్నది. మన దేశపు బొగ్గుతో ఒక యూనిట్ విద్యుత్తు తీయుటకు సుమారు 700 గ్రాముల బొగ్గు కాలుతుంది. ఆ మేరకు బొగ్గుపులుసు వాయువు ఆకాశంలో కలుస్తుంది.

సౌరఫలకంలో మంట లేదు, ఆవిరి లేదు, తిరిగే చక్రం లేదు. కాంతి పడినప్పుడు కొన్ని పదార్థాలలో విద్యుత్తు పుడుతుందని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు బెకెరెల్ 1839లోనే గమనించాడు. కాంతి చిన్న చిన్న శక్తి పొట్లాలుగా ప్రవర్తిస్తుందని 1905లో ఐన్‌స్టీన్ వివరించాడు. 1954లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో చాపిన్, ఫుల్లర్, పియర్సన్ అనే ముగ్గురు సిలికానుతో పనికివచ్చే సౌరఘటాన్ని తయారుచేశారు. అది తనపై పడిన సూర్యశక్తిలో నూటికి 6 వంతులను విద్యుత్తుగా మార్చినది. నేడు బజారులో దొరికే ఫలకాలు నూటికి 20 వంతులకు పైగా మార్చగలవు.

సిలికాను అర్ధవాహకం. దానిలో ఒక పొరకు కొద్దిగా ఫాస్ఫరస్, మరొక పొరకు కొద్దిగా బోరాన్ కలుపుతారు. మొదటి పొరలో ఎలక్ట్రానులు అదనంగా ఉంటాయి. రెండవ పొరలో వాటికి ఖాళీలు ఉంటాయి. రెండు పొరలు కలిసే చోట ఒక విద్యుత్ క్షేత్రం ఏర్పడుతుంది. సూర్యకాంతిలోని శక్తి పొట్లం ఒకటి వచ్చి తగిలినప్పుడు సిలికాను పరమాణువు నుండి ఎలక్ట్రాను ఒకటి విడిపోతుంది. ఆ క్షేత్రం దానిని ఒక వైపునకే తోస్తుంది. బయట తీగ కలిపితే ఆ ఎలక్ట్రానులు తీగ గుండా ప్రవహిస్తాయి. అదే ఏకముఖ విద్యుత్తు. ఇంటి దీపాలకు కావలసినది ఏకాంతర విద్యుత్తు గనుక, మధ్యలో ఇన్వర్టరు అనే సాధనం దానిని మారుస్తుంది.

నడినెత్తిన సూర్యుడు ఉన్న నిర్మలమైన రోజున ఒక చదరపు మీటరుపై సుమారు 1000 వాట్ల శక్తి పడుతుంది. నూటికి 20 వంతుల లెక్కన 200 వాట్లు విద్యుత్తుగా దక్కుతుంది. అంటే ఒక కిలోవాటుకు 5 చదరపు మీటర్ల ఫలకాలు కావలెను. ఫలకాల మధ్య ఎడం, మనిషి నడిచే దారి కలుపుకొంటే 10 చదరపు మీటర్ల మిద్దె అవసరమని లెక్క. హైదరాబాదులో ఒక కిలోవాటు అమరిక ఏడాది సగటున రోజుకు సుమారు 4 యూనిట్లు ఇస్తుంది.

ఇక్కడ విద్యార్థులు తరచు పొరపడే సంగతి ఒకటి ఉన్నది. మే నెల ఎండలో ఫలకం బాగా పనిచేస్తుందని తోస్తుంది. ఫలకానికి కావలసినది వెలుతురే గాని వేడి కాదు. దాని ఉష్ణోగ్రత 25 డిగ్రీల సెంటిగ్రేడును దాటిన కొలది, ప్రతి డిగ్రీకి శక్తి నూటికి సుమారు 0.4 వంతు తగ్గుతుంది. మే మధ్యాహ్నం ఫలకం 65 డిగ్రీలకు కాగినచో నూటికి 16 వంతుల శక్తి పోయినట్లే. అందుచేత ఫలకాన్ని మిద్దెకు ఆనించక, కింద గాలి ఆడేటట్లు ఎత్తుగా నిలుపుతారు.

నీడ లెక్క

పాతబస్తీలో అసలు సమస్య ఎండ కాదు, నీడ. ఒక ఇంటిపై రెండంతస్తులుంటే పక్క ఇంటిపై నాలుగు లేచి ఉంటాయి. నీడ ఎంత దూరం పడుతుందో త్రికోణమితితో తేల్చవచ్చును.

హైదరాబాదు అక్షాంశం సుమారు 17.4 డిగ్రీలు. సూర్యుడు ఏడాదిలో రెండుమార్లు, మే 9 ప్రాంతంలోను, ఆగస్టు 3 ప్రాంతంలోను, మధ్యాహ్నం సరిగా నడినెత్తికి వస్తాడు. ఆ క్షణాన నిటారుగా నిలిపిన కర్రకు పక్కన నీడే ఉండదు. డిసెంబరు 21న మాత్రం మధ్యాహ్నమైనా సూర్యుడు దక్షిణాన 49 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. అప్పుడు 9 మీటర్ల గోడ నీడ సుమారు 8 మీటర్లు. అదే రోజు ఉదయం తొమ్మిదింబావు ప్రాంతంలో సూర్యుని ఎత్తు 30 డిగ్రీలే గనుక, ఆ గోడ నీడ 15 మీటర్లు దాటుతుంది. కనుక దక్షిణాన పొడుగుపాటి కట్టడం ఉన్న మిద్దెపై ఫలకాలు అమర్చబోయే ముందు చలికాలపు నీడను కొలవవలెను. వేసవిలో చూచి వేసిన లెక్క తప్పుతుంది.

నీడ పడిన మేరకే విద్యుత్తు తగ్గుతుందని అనుకొనరాదు. ఒక్కొక్క ఘటం పీడనం అర వోల్టు, అంతకు కొంచెం ఎక్కువ మాత్రమే. అందుచేత అనేక ఘటాలను వరుసగా, ఒకదాని తరువాత ఒకటి కలుపుతారు. ఇరుకు సందులో ముందరి బండి ఆగినచో వెనుకనున్న బండ్లన్నీ ఆగినట్లు, ఒక ఘటంపై నీడ పడితే ఆ వరుస అంతటా ప్రవాహం సన్నగిల్లుతుంది. ఆగిన బండిని తప్పించుకొని పోయే పక్కదారి వంటి డయోడులను ఫలకాలలో అమర్చుతారు గాని, నష్టం పూర్తిగా పోదు. నీళ్ల ట్యాంకు నీడ, పక్కింటి మెట్ల గది నీడ చూడక అమర్చిన ఫలకాలు యజమానికి నిరాశనే మిగుల్చుతాయి.

మీటరు లెక్క

ఇక రెండవ లెక్క. ఫలకాల విద్యుత్తును కొలుచుటకు ముఖ్యంగా రెండు పద్ధతులున్నవి. మొదటిది నికర మీటరు పద్ధతి. మిద్దెమీద ఎక్కువైన విద్యుత్తు పంపిణీ తీగలలోకి పోతుంది. చాలనప్పుడు తీగల నుండి వస్తుంది. నెలాఖరున వచ్చినదానిలో నుండి పోయినది తీసివేసి, మిగిలిన యూనిట్లకే బిల్లు వేస్తారు. రెండవది మొత్తపు మీటరు పద్ధతి. దీనిలో పుట్టిన విద్యుత్తు అంతా పంపిణీ సంస్థకు ఒక ధరకు అమ్మినట్లు, వాడిన విద్యుత్తు అంతా మరొక ధరకు కొన్నట్లు లెక్క వ్రాస్తారు.

ఒక ఉదాహరణ తీసుకొందాము. ధరలు లెక్క సౌలభ్యం కొరకు అనుకొన్నవి. ఒక పెద్ద బట్టల దుకాణం నెలకు 3000 యూనిట్లు వాడుతుంది. కొనే ధర యూనిట్‌కు 9 రూపాయలు. అమ్మే ధర 4 రూపాయలు. మిద్దె 200 చదరపు మీటర్లు. దానిపై 20 కిలోవాట్ల అమరిక, ఖర్చు 10 లక్షల రూపాయలు. రోజుకు 80 యూనిట్ల చొప్పున నెలకు 2400 యూనిట్లు పుడతాయి.

ఫలకాలు లేనప్పుడు నెల బిల్లు 27,000 రూపాయలు. నికర మీటరు ఉంటే 600 యూనిట్లకే బిల్లు, అంటే 5,400 రూపాయలు, ఆదా 21,600. మొత్తపు మీటరు ఉంటే 27,000 చెల్లించి 9,600 రాబట్టుకొనవలెను. ఆదా ఆ 9,600 మాత్రమే. మొదటి పద్ధతిలో పెట్టుబడి నాలుగేండ్లలోపే తిరిగివస్తుంది. రెండవ పద్ధతిలో ఎనిమిదిన్నర ఏండ్లు దాటుతుంది.

వర్తకుడు తన డబ్బుతో కాక అప్పుతో ఈ పనికి దిగితే సంగతి మరింత స్పష్టమవుతుంది. నూటికి నెలకు రూపాయి వడ్డీ చొప్పున 10 లక్షలకు వడ్డీయే నెలకు 10,000 రూపాయలు. మొత్తపు మీటరు తెచ్చే 9,600 ఆ వడ్డీకే చాలదు. మిద్దె అదే, ఎండ అదే, ఫలకాలు అవే. నియమంలో ఒక్క మాట మారుటతో లాభం నష్టమైనది.

ఒక నియమం మారిన కథ

ఇది ఊహించిన చిక్కు కాదు. కేంద్ర విద్యుత్ మంత్రిత్వ శాఖ 2020 డిసెంబరు 31న విద్యుత్ వినియోగదారుల హక్కుల నియమాలను ప్రకటించినది. వాటిలో 10 కిలోవాట్ల వరకు నికర మీటరు, అంతకు మించితే మొత్తపు మీటరు అని ఉన్నది. సాధారణ గృహస్థునికి దీనివలన బాధ లేదు. మన ఉదాహరణలోని 20 కిలోవాట్ల దుకాణం, చిన్న కర్మాగారం, ఆసుపత్రి, కళాశాల వంటివి మాత్రం గీత అవతల పడ్డాయి.

దేశంలోని పారిశ్రామిక సంఘాలు, సౌరవిద్యుత్ వర్తకుల సంఘాలు అభ్యంతరం తెలిపాయి. 2021 జూన్ 28న నియమం సవరించబడినది. దాని ప్రకారం 500 కిలోవాట్ల వరకు, లేదా వినియోగదారునికి మంజూరైన లోడు వరకు, ఈ రెండింటిలో ఏది తక్కువైతే అంతవరకు నికర మీటరు పొందవచ్చును. మరల 2024లో చేసిన సవరణతో, 10 కిలోవాట్ల లోపు అమరికలకు సాంకేతిక పరిశీలన కొరకు వేచి ఉండే అవసరం తొలగినది.

హైదరాబాదులో ఇట్టి పని చేసే సంస్థలలో పాతది తెలంగాణ వాణిజ్య పారిశ్రామిక మండలుల సమాఖ్య. ఇది 1917 నుండి ఉన్న సంస్థ. కార్యాలయం మూసీకి ఉత్తరాన, రెడ్ హిల్స్‌లో ఉన్నది. విద్యుత్ ధరల విచారణలలో అభ్యంతరాలు దాఖలు చేసేవారిలో ఇది ఒకటి. ఫలకాలు అమ్మేవారు, అమర్చేవారు చేరిన తెలంగాణ సౌరశక్తి సంఘం వేరుగా ఉన్నది. మొదటిది ప్రధానంగా విద్యుత్తు కొనేవారి సంఘం. రెండవది సౌరసామగ్రి అమ్మేవారి సంఘం. రెండింటి కోరిక ఒకటిగా కనిపించినా ప్రయోజనాలు వేరు.

ఈ విచారణలకు ఆధారం 2003 నాటి విద్యుత్ చట్టం. 64వ సెక్షను ప్రకారం ధరల ప్రతిపాదనను సంగ్రహంగా ప్రకటించవలెను. ప్రజల సూచనలు, అభ్యంతరాలు పరిశీలించిన పిమ్మటనే, ప్రతిపాదన అందిన 120 రోజులలోపు నియంత్రణ మండలి ఉత్తర్వు ఇవ్వవలెను. పునరుత్పాదక శక్తిని ప్రోత్సహించడం మండలి విధులలో ఒకటి అని 86వ సెక్షను చెబుతున్నది. ఉమ్మడి రాష్ట్రంలో ఇటువంటి మండలి 1999లోనే పని ప్రారంభించినది. తెలంగాణ మండలి మిద్దెమీది సౌరవిద్యుత్తుకు నికర మీటరు నిబంధనలను 2016లో వెలువరించినది.

పంపిణీ సంస్థ మాట

ఒక పక్షం మాటే విని తీర్పు చెప్పరాదు. పంపిణీ సంస్థ వాదంలోనూ బలం ఉన్నది. రంజాను నెలలో చార్మినారు చుట్టూ బజారు తెల్లవార్లూ మేలుకొని ఉంటుంది. దీపాలన్నీ వెలిగే ఆ వేళలో సూర్యుడు లేడు. నికర మీటరు పెట్టుకొన్న వర్తకుడు పగలు దాచిన యూనిట్‌ను రాత్రి తిరిగి అడుగుతాడు. విద్యుత్తు ధాన్యం వలె గాదెలో ఉండదు. పగలు వచ్చిన యూనిట్‌ను అప్పుడే ఎవరో వాడవలెను. రాత్రి ఇవ్వవలసిన యూనిట్‌ను సంస్థ మరొక చోట నుండి, కొన్ని వేళల హెచ్చు ధరకు, కొని తేవలెను. తీగలు, స్తంభాలు, ట్రాన్స్‌ఫార్మర్ల ఖర్చు ఎట్లాగూ ఉన్నది.

మరొకటి. వాణిజ్య, పారిశ్రామిక వినియోగదారులు చెల్లించే హెచ్చు ధరలోని కొంత భాగం పేద గృహస్థుల ధరను తగ్గించుటకు ఉపయోగపడుతుంది. పెద్ద దుకాణాల బిల్లు తగ్గిన కొలది ఆ భారం ఎవరిపై పడవలెననే ప్రశ్న వస్తుంది. పాతబస్తీ వంటి చోట, ఒకే వీధిలో పెద్ద వర్తకుడు, అద్దెగదిలో జరీపని చేసుకొనే కార్మికుడు పక్కపక్కనే బ్రతుకుతున్నచోట, ఇది కేవలం పుస్తకాల ప్రశ్న కాదు.

వర్తక సంఘం తన సభ్యుల లాభం కొరకు మాట్లాడుతుంది. దానిలో దోషం లేదు. సంఘం పుట్టినదే అందుకు. కాని ఆ లాభం ప్రజల మేలుతో ఎంతవరకు కలిసివస్తున్నదో కొలతతో చూపినప్పుడే వాదానికి విలువ. మిద్దె విద్యుత్తు పుట్టిన చోటే ఖర్చు కావడం వలన తీగలలో వృథా ఎంత తగ్గినది, పగటి వాడకం ఎంత, రాత్రి వాడకం ఎంత, ట్రాన్స్‌ఫార్మర్‌పై భారం తగ్గినదా పెరిగినదా అనే అంకెలు మండలి ముందు నిలుస్తాయి. ఉపన్యాసం నిలువదు.

పాతబస్తీ ప్రత్యేకత

సంఘాలు ఇంకా గట్టిగా పట్టించుకొనవలసిన విషయాలు పాతబస్తీలో రెండున్నవి. మొదటిది మిద్దె ఎవరిదనే ప్రశ్న. దుకాణం ఒకరిది, కట్టడం మరొకరిది. ఒక కట్టడంలో పది మీటర్లు ఉంటాయి. 2024లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన ప్రధానమంత్రి సూర్యఘర్ పథకం 3 కిలోవాట్ల అమరికకు 78,000 రూపాయల వరకు సహాయం ఇస్తున్నది. అది గృహస్థులకు ఉద్దేశించినది. సొంత మిద్దె లేని చిన్న గాజుల వర్తకునికి దానితో ప్రయోజనం లేదు. ఒక పెద్ద మిద్దెపై పుట్టిన విద్యుత్తును పదిమంది బిల్లులలో పంచి చూపే పద్ధతి ఉంటే అతనికి దారి దొరుకుతుంది. ఢిల్లీ నియంత్రణ మండలి ఇట్టి సామూహిక లెక్కకు 2019లోనే మార్గదర్శకాలు ఏర్పరచినది. సమాఖ్యలలో సభ్యత్వం లేని చిన్న వర్తకుల పక్షాన ఈ మాట ఎవరు అడుగుతారన్నది ఆలోచించదగినది.

రెండవది భద్రత. 2025 మే 18న చార్మినారు సమీపాన గుల్జార్ హౌజ్ వద్ద ఒక ఇంటిలో చెలరేగిన అగ్నిప్రమాదంలో 17 మంది మరణించారు. ఇరుకు సందులలో, ఒకే మెట్లదారి ఉన్న ఇండ్లలో మిద్దె ప్రాణాలు కాపాడే చోటు కూడ. ఫలకాలతో మిద్దెను పూర్తిగా కప్పి దారి మూయరాదు. ఎండ ఉన్నంతసేపు ఫలకంలో విద్యుత్తు పుడుతూనే ఉంటుంది. ఇంటి మెయిన్ స్విచ్చి ఆపినా ఫలకాల నుండి వచ్చే తీగలో వోల్టేజి పోదు. కనుక ఆ తీగకు ప్రత్యేకమైన విడదీత స్విచ్చి, మంచి తీగలు, సరియైన భూసంధానం తప్పనిసరి. ప్రభుత్వాన్ని నియమాలు అడిగే సంఘం, తన సభ్యులైన అమరికదారులను కూడ ఈ నియమాలకు కట్టుబడునట్లు చేయవలెను. ఒక్క నాసిరకం అమరిక వలన జరిగిన ప్రమాదం వంద వినతిపత్రాల ఫలితాన్ని తుడిచివేయగలదు.

పాఠశాలలో చేయదగిన పని

ఉన్నత పాఠశాల ఉపాధ్యాయులు ఈ విషయాన్ని తరగతిలో సులభంగా ఎత్తుకొనవచ్చును. ఒక మీటరు కర్రను పాఠశాల మిద్దెపై నిటారుగా నిలిపి, నెలకొకసారి ఉదయం 9, మధ్యాహ్నం 12, సాయంత్రం 3 గంటలకు దాని నీడను సుద్దతో గుర్తించవలెను. ఏడాది గడిచేసరికి ఆ మిద్దెపై నీడ పడని భాగం ఏదో విద్యార్థులకే తెలుస్తుంది. దాని వైశాల్యాన్ని 10తో భాగిస్తే ఎన్ని కిలోవాట్లు అమర్చవచ్చునో వస్తుంది. 4తో హెచ్చవేస్తే రోజుకు యూనిట్లు వస్తాయి. ఆ సంఖ్యను పాఠశాల విద్యుత్ బిల్లుతో పోల్చి, నికర మీటరుకు ఒకమారు, మొత్తపు మీటరుకు ఒకమారు లెక్క కట్టవలెను.

విద్యుత్ ధరల ప్రతిపాదన ప్రకటన పత్రికలలో వచ్చినప్పుడు దానిని తరగతి గోడకు అంటించవచ్చును. అభ్యంతరం తెలిపే హక్కు చట్టం సమాఖ్యలకు మాత్రమే ఇవ్వలేదు, ప్రజలందరికీ ఇచ్చినది. నీడను కొలిచి, బిల్లు చదివి, తన లెక్కను ఒక కాగితంపై స్పష్టంగా వ్రాయగలిగిన విద్యార్థి రేపు ఆ విచారణలో, పెద్ద సంఘాల న్యాయవాదుల సరసన, తన వీధి పక్షాన మాట్లాడగలడు.